ఏడు వాకిళ్లు.. ఒక చదువు

గౌతముని ఆశ్రమ వాకిట ఒక బాలుడు చేతులు జోడించి నిలిచాడు. విద్య నేర్పమని ప్రార్థించాడు. ఆనాటి సంప్రదాయాన్ని అనుసరించి గురువు ముందుగా గోత్రం అడిగాడు. బాలుడికి గోత్రం తెలియదు. బయలుదేరే ముందు తల్లిని ఆ మాటే అడిగి వచ్చాడు. పదిమందికీ పరిచర్యలు చేసుకుంటూ తిరిగిన రోజుల్లో అతణ్ని కన్నాననీ, తండ్రి గోత్రమేదో తనకూ తెలియదనీ, తన పేరు జబాల కనుక సత్యకామ జాబాలుడనని చెప్పుకొమ్మనీ ఆ తల్లి చెప్పి పంపింది. బాలుడు ఆ మాటలనే అక్షరం పొల్లుపోకుండా గురువుకు విన్నవించాడు. గౌతముడు మరో ప్రశ్న వేయలేదు. సమిధలు తెమ్మన్నాడు. ఉపనయనం చేసి శిష్యునిగా స్వీకరించాడు.

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలోని ఈ కథను మనం పిల్లలకు సత్యవ్రతానికి ఉదాహరణగా చెబుతాం. చెప్పవలసిందే. అయితే అంతగా తలచుకోని మరో పార్శ్వం అందులో ఉంది. తండ్రి ఆసరా లేని ఒక పిల్లవాడి చదువును మరొకరు తమ ఇంటి బాధ్యతగా స్వీకరించిన కథ అది. గురువు అతనికి బక్కచిక్కిన 400 ఆవులను అప్పగించాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని శిష్యుడు అడవికి వెళ్లాడు. ఏళ్లు గడిచాయి. వృషభం, అగ్ని, హంస, మద్గువు అనే నీటిపక్షి తలా ఒక పాదంగా బ్రహ్మజ్ఞానాన్ని బోధించాయి. ఇంత తెలిసి వచ్చినా, గురుముఖతః నేర్చిన విద్యే నిలుస్తుందని సత్యకాముడు ప్రార్థించాడు. గౌతముడు ఏ కొదవా లేకుండా సమస్తం ఉపదేశించాడు. చేరదీసినవాడే చివరిదాకా చదువు చెప్పాడన్నమాట.

నేటి పాఠశాల ప్రవేశ దరఖాస్తులోనూ పిల్లవాడి పేరు కిందనే ‘తండ్రి పేరు’ అనే గడి ఉంటుంది. ఆ తరువాత కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, సంరక్షకుని సంతకం. అమ్మానాన్నలున్న ఇంట్లో ఇవన్నీ బీరువాలోని ఒక సంచీలో పదిలంగా ఉంటాయి. ఎవరూ లేని బిడ్డకు ఆ గడులే మొదటి గోడ. గౌతముని వంటి పెద్దమనసు ఆ గడి దగ్గరే అవసరమవుతుంది.

ఆదివారం పాయసం

నాలుగేళ్ల క్రితం మా అమ్మగారి ఆబ్దికం శనివారం నాడు వచ్చింది. మరునాడు అనాథ బాలలకు భోజనం పెట్టాలని సంకల్పించి, మా పట్టణం శివార్లలోని ఒక ఆశ్రమానికి ఫోను చేశాను. నిర్వాహకుడు ఎంతో వినయంగా, ‘అయ్యా, రెండు నెలల దాకా ఆదివారాలన్నీ రాయించుకున్నారండీ. మంగళవారం రాత్రి కావాలంటే ఖాళీ ఉంది’ అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. కొంత చిన్నతనంగానూ అనిపించింది. దానం చేద్దామంటే వరుస దొరకకపోవడమేమిటని. సరే, పండ్లయినా ఇచ్చి వద్దామని ఆ ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను.

అక్కడ ఒక కుటుంబం వారి అబ్బాయి పుట్టినరోజు జరుగుతున్నది. మంచివాళ్లే. అరిటాకులు వేయించి కమ్మని భోజనం పెట్టించారు. వడ్డన మొదలయ్యే ముందు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, కేకు చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు. చివరి వరుసలో పదకొండు పన్నెండేళ్ల కుర్రవాడు ఒకడు స్టీలు పళ్లేన్ని మెల్లగా పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరో సరదాగా ఆ పళ్లెం కిందికి దించారు. వాడు మళ్లీ ఎత్తాడు. నేనూ అంతకుముందు సంవత్సరాల్లో అటువంటి ఫొటోలు తీయించుకున్నవాణ్నే. మా ఇంటి గోడకు ఒకటి తగిలించి కూడా ఉంది. ఇంటికి రాగానే దాన్ని తీసేశానని వేరే చెప్పనక్కరలేదు.

వారు వెళ్లాక నిర్వాహకుడు కాసేపు మాట్లాడాడు. ఆ మాటల్లో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. ‘పొద్దున ఒకరు క్షీరాన్నం తెచ్చారు. మధ్యాహ్నం వీరు పాయసం. సాయంత్రం మరొకరు మిఠాయి తెస్తున్నారు. పిల్లలు తినలేరు, వద్దంటే దాతలు నొచ్చుకుంటారు. రేపు సోమవారం ఇద్దరికి జామెట్రీ బాక్సు లేదు. పదో తరగతి వాళ్లకు లెక్కలు చెప్పే మాస్టారు లేరు. ఆ పెద్దమ్మాయిని చూశారా, ఇంటరు రెండో ఏడు. వచ్చే జనవరిలో 18 నిండుతాయి. పరీక్షలేమో మార్చిలో. జనవరి తరువాత నేను ఆమెను ఇక్కడ ఏ పద్దు కింద ఉంచుకోవాలి?’ అన్నాడు. ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేదు. తెచ్చిన అరటిపండ్ల గెల బల్ల మీద పెట్టి వచ్చేశాను.

అన్నదానాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన అతిథికి కూడా విస్తరి వేసిన డొక్కా సీతమ్మగారి పేరు చెబితే నేటికీ చేతులు జోడించే జాతి మనది. ఆకలి ముందు మరే ధర్మమూ నిలవదు. అయితే అన్నం తిన్నవాడికి ఆరు గంటల తరువాత మళ్లీ ఆకలి వేస్తుంది. ఆ తరువాతి విస్తరి ఎక్కడి నుంచి రావాలన్నదే అసలు ప్రశ్న. మనుస్మృతి నాలుగో అధ్యాయం నీరు, అన్నం, గోవు, భూమి, వస్త్రం, తిలలు, బంగారం, నేయి ఇలా దానాలను వరుసగా పేర్కొని, వీటన్నింటికంటె బ్రహ్మదానం విశిష్టమైనదని నిర్ణయించింది. బ్రహ్మదానమంటే అక్కడి అర్థం వేదవిద్యను ఇవ్వడం. పెద్దలు దాన్ని సమస్త విద్యాదానానికీ అన్వయించి చెబుతూ వచ్చారు.

ఆ స్మృతిలోనే, ఎనిమిదో అధ్యాయంలో, మన విషయానికి మరింత దగ్గరి మాట ఒకటి ఉంది. దిక్కులేని బాలుని ఆస్తిని రాజు కాపాడాలి. ఎంతవరకు? ఆ బాలుడు చదువు ముగించి గురుకులం నుంచి తిరిగి వచ్చేదాకా, లేదా బాల్యం గడిచేదాకా. వయసుతోపాటు సమావర్తనాన్ని, అంటే విద్య పూర్తికావడాన్ని, శాస్త్రకారుడు ఒక గడువుగా పెట్టాడు. ఆనాటి వర్ణ నియమాలన్నీ నేటికి అన్వయించవని ఎవరైనా అంటే నేను కాదనను. కానీ ఏనాటివాడో ఒక ధర్మవేత్త, తండ్రి లేని పిల్లవాడి విషయంలో చదువు పూర్తయ్యేవరకు అన్న మాట వాడాడంటే, ఆయన అటువంటి పిల్లలను దగ్గరగా చూసి ఉండాలి.

వారాలిచ్చిన ఇళ్లు

మన తెలుగునాట ఈ ధర్మం శాస్త్రగ్రంథాల్లో ఉండిపోలేదు. వంటింటి దాకా వచ్చింది. దాని పేరే వారాలు. నేటి పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. పేద విద్యార్థి, తండ్రి పోయినవాడు కావచ్చు, ఊరు విడిచి వచ్చినవాడు కావచ్చు, బడి ఉన్న పట్టణానికి వస్తాడు. ఉండటానికి ఏ గుడి మండపమో, ఎవరి వసారానో. భోజనానికి ఏడు ఇళ్లు కుదుర్చుకుంటాడు. సోమవారం ప్లీడరుగారిల్లు, మంగళవారం కరణంగారిల్లు, బుధవారం ఒక పేరమ్మగారిల్లు. ఇలా వారానికి ఒక రోజు ఒక్కొక్క ఇంట భోజనం. ఆ ఇంటివారు అతణ్ని వారాలబ్బాయి అనేవారు. ఏ ఇంటికీ మోయలేని భారం కాదు. వండుకున్నదాంట్లోనే ఇంకొక విస్తరి. అలా నాలుగేళ్లు, ఆరేళ్లు, పిల్లవాడి చదువు ముగిసేదాకా.

ఈ ఏర్పాటులోని సొగసు ఏమిటంటే, వారం ఇచ్చిన ఇల్లాలికి ఆ పిల్లవాడి చదువు సంగతి తెలిసి ఉండేది. పరీక్ష ఎప్పుడు, ఎన్ని మార్కులు వచ్చాయి, చొక్కా చిరిగిందా, జ్వరం తగిలిందా అని అడిగేది. తమ ఇంట మైల వస్తే, ఆ రోజు కుర్రవాడు పస్తు ఉండకుండా పక్కింటి వారికి ముందే చెప్పి ఉంచేది. ఒక్క మనిషి దాత అయితే ఆ మనిషి మీద కోపమో, ఆ మనిషికి కష్టమో వచ్చిన నాడు చదువు ఆగిపోతుంది. ఏడిళ్ల మధ్య పంచుకున్న చదువు ఒక ఇల్లు తప్పినా నడిచేది.

అంతా మంచే అనడం కూడా న్యాయం కాదు. కొన్ని ఇళ్లలో వారాలబ్బాయికి చివరి పంక్తి, చల్లారిన అన్నం. నీళ్లు తోడమనడం, అంగడికి పంపడం, చిన్నపిల్లలను ఆడించమనడం సాధారణం. అన్నిటికంటె పెద్ద లోటు మరొకటి ఉంది. ఈ ఆచారం ఎక్కువగా ఒక కులం పిల్లలకు, అందులోనూ మగపిల్లలకే ఉపయోగపడింది. మిగిలిన వారికి ఆ వాకిళ్లు తెరుచుకోలేదు. ఆడపిల్లకు వారం ఇచ్చిన ఇల్లు ఉన్నట్టు నేను ఎక్కడా వినలేదు. కాలక్రమాన వసతిగృహాలు వచ్చాయి. హైదరాబాదులో 1918లో రాజబహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు వంటివి కొన్ని, ఆ తరువాత ప్రభుత్వ సంక్షేమ వసతిగృహాలు. వారాలు మెల్లగా కనుమరుగయ్యాయి. ఆచారం పోయినందుకు విచారం లేదు. ఆ లెక్క, అంటే ఏడిళ్లు కలిసి ఒక చదువును మోయడమనే లెక్క, దానితోపాటు పోవడమే నష్టం.

తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడికి సమయానికి ఒక చేయి దొరికితే ఏమవుతుందో చూడటానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారికి నాలుగేళ్ల ప్రాయంలోనే తండ్రి గతించాడు. పెదతండ్రి ఇంట పెరిగి చదువుకున్నారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారికి పదకొండేళ్లు నిండిన నాటికి తండ్రి లేడు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పోషించారు. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయల కోసం ఆ తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టవలసి వచ్చింది. మూడు రూపాయలు! అప్పుడే ఆ కుర్రవాడి చదువు ఆగి ఉంటే? ఆ తరువాత ఆయనను ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు చేరదీశారు. తాను ఒంగోలు నుంచి రాజమహేంద్రవరం వెళుతూ శిష్యుణ్ని కూడా వెంట తీసుకువెళ్లి చదివించారు. ఆ శిష్యుడే తరువాత బారిస్టరు అయ్యాడు, 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిగా నిలిచాడు. నాయుడుగారు కోటీశ్వరుడు కాదు. ఒక బడి పంతులు.

ఏడుగురు పిల్లలతో మొదలు

1905 నాటి మాట. కోయంబత్తూరులో ప్లేగు వ్యాపించి కొన్ని కుటుంబాల్లో పెద్దలంతా పోయి పిల్లలు మాత్రమే మిగిలారు. మద్రాసులో ఉన్న స్వామి రామకృష్ణానందులవారికి, ఆయన శ్రీరామకృష్ణ పరమహంస ప్రత్యక్ష శిష్యుడు, ఈ సంగతి తెలిసింది. ఆ పిల్లలను తీసుకువచ్చి, భక్తుడైన రామస్వామి అయ్యంగారి సాయంతో మైలాపూరులో ఒక ఇంట్లో ఉంచి చదివించడం మొదలుపెట్టారు. మొత్తం ఏడుగురు. రామకృష్ణ మిషన్ విద్యార్థి గృహంగా ప్రసిద్ధికెక్కిన సంస్థకు అదే ఆరంభం. ఆ రోజుల్లో స్వామీజీ సొంత భోజనానికే కటకటగా ఉండేదని ఆయన చరిత్ర చదివిన వారికి తెలుసు. అయినా ఆ ఏడుగురి బాధ్యత ఎత్తుకోవడానికి సందేహించలేదు. నూరేళ్లు దాటినా ఆ గృహం నేటికీ పేద బాలురకు తిండీ బసా కల్పించి చదువు చెబుతూనే ఉంది. బడి చదువుతో ఆగక, చేతిపని నేర్పే సాంకేతిక విద్యను కూడా జతచేయడం ఆ నిర్వాహకుల దూరదృష్టి.

మన దేవాలయాలకు కూడా ఇది కొత్త ధర్మం కాదు. గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం 1261 నాటిది. కాకతీయ రుద్రమదేవి, తండ్రి గణపతిదేవుని సంకల్పాన్ని అనుసరించి, మందడం, వెలగపూడి గ్రామాలను గోళకీ మఠాచార్యులైన విశ్వేశ్వర శివాచార్యులకు సమర్పించింది. ఆ ఆదాయంతో ఆలయం ఒక్కటే కాదు, విద్యార్థులకు చదువు, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడవాలని ఏర్పాటు. ఎవరికి ఎంత భాగమో రాతి మీద చెక్కించారు. దేవుడి పేరిట వచ్చిన సొమ్ము దేవుడి పిల్లలకు చేరాలన్నది ఆనాటివారికి వివరించి చెప్పవలసిన విషయంగా ఉండలేదు.

ఆ దారిలోనే తిరుమల తిరుపతి దేవస్థానం 1943లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర బాలమందిరాన్ని స్థాపించింది. తల్లిదండ్రులను, లేదా వారిలో ఒకరిని కోల్పోయిన పిల్లలకు ఒకటో తరగతి నుంచి పై చదువుల దాకా తిండి, బట్ట, వసతి, విద్య అన్నీ స్వామివారి ఖర్చే. దాని కోసం ప్రత్యేకంగా ట్రస్టు కూడా ఉంది. కొండకు వెళ్లిన భక్తుల్లో ఎందరో అన్నప్రసాదానికి విరాళం ఇస్తారు. బాలమందిరం సంగతి అంతమందికి తెలియదు. కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకరుగారి ధర్మసంస్థ మరొకటి. పేద ఇంట పుట్టి, రంగూను వెళ్లి, రేవులో కష్టపడి సంపాదించిన ఆస్తిని ఆయన పేద పిల్లల చదువుకూ భోజనానికీ రాసి ఇచ్చారు. ఆయన పేరిట విద్యాలయాలు ఇప్పటికీ ఉన్నాయి.

పద్దెనిమిదో పుట్టినరోజు

ఇక నేటి సంగతి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అనాథ బాలలను ఉంచే ప్రతి ఆశ్రమం ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీదనే పిల్లలను చేర్చుకోవాలి. దాత మొట్టమొదట అడిగి చూడవలసింది ఆ నమోదు పత్రం. అడగడానికి మొహమాటపడనక్కరలేదు. సవ్యంగా నడిపేవారు తామే తెచ్చి చూపుతారు.

ఆ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండినవారు బాలలు కారు. నిండిన తరువాత 21 ఏళ్ల దాకా సమాజంలో నిలదొక్కుకునేందుకు ఆర్థికసాయం ఇవ్వవచ్చునని అదే చట్టం చెబుతుంది. ప్రత్యేక సందర్భాల్లో దాన్ని 23 వరకు పొడిగించే వీలును మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు కల్పించాయి. కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది. కానీ ఆ కాగితం కదిలేలోగా ఆశ్రమంలో పెరిగిన పిల్ల చేతిలో ఒక పెట్టె, నాలుగు జతల బట్టలతో బయట నిలబడుతుంది. మన ఇళ్లలో 18వ ఏట పిల్లలకు మంచినీళ్ల గ్లాసు కూడా మనమే అందిస్తాం. ఆ వయసులో ఈ బిడ్డ ఇల్లు వెతుక్కోవాలి, ఫీజు కట్టుకోవాలి, బ్యాంకు విద్యారుణానికి జతగా సంతకం చేసే పెద్దవారిని చూసుకోవాలి. వేసవి సెలవులు వస్తే హాస్టలు మూసేస్తారు. అందరూ ఊళ్లకు వెళతారు. ఈమె ఏ ఊరు వెళ్లాలి?

దానం అవసరమైన చోటు ఇది. చిన్నపిల్లల ఆశ్రమానికి బొమ్మలు, బిస్కెట్లు తెచ్చేవారు చాలామంది ఉన్నారు. మీసాలు మొలుస్తున్న కుర్రవాడికి పాలిటెక్నిక్ ఫీజు కట్టేవారు తక్కువ. వాడు ముద్దుగా ఉండడు కదా!

మరొక మాట కూడా చెప్పాలి. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో, నాయనమ్మో ఉంటారు. పోషించలేక వదిలిపెట్టినవారే. బిడ్డను సంస్థలో ఉంచడం ఆఖరి మార్గంగానే ఉండాలని చట్టం అంటున్నది. బిడ్డను తల్లి ఒడిలోనే ఉంచి చదివించగలిగితే అంతకంటె కావలసిందేముంది? 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో వితంతువుల పిల్లలకు, తల్లిదండ్రులు లేక బంధువుల వద్ద పెరుగుతున్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఏర్పాటు ఉంది. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. దరఖాస్తు చేయవలసింది జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. మీ వీధిలో కొడుకును, కోడలిని పోగొట్టుకుని మనవణ్ని సాకుతున్న ముసలమ్మ ఉంటే, ఆమె తరఫున ఆ దరఖాస్తు నింపి, కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగి పని పూర్తిచేయించడం చిన్న దానం కాదు. దానికి డబ్బు అక్కరలేదు, ఓపిక కావాలి.

అలాగే చాలామందికి తెలియని సంగతి ఒకటి. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చూసుకునేవారెవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు గల ఆశ్రమాల్లోనో పాఠశాలల్లోనో చేరిన పిల్లలను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలోనే వెనుకబడిన తరగతుల ‘ఎ’ జాబితాలో చేర్చారు. కులమేదో తెలియని బిడ్డకు ఆ పత్రం ఉంటే పై చదువుల తలుపు తెరుచుకుంటుంది. ఆ పత్రం ఇప్పించే మనిషి ఉండాలి, అంతే. ఆడపిల్లలకైతే 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో తల్లిదండ్రులు లేనివారికి ప్రాధాన్యం ఉంది. చదువు, వసతి ఉచితం.

సిగ్గుతో ఇమ్మన్న శాస్త్రం

తైత్తిరీయోపనిషత్తులో గురువు చదువు ముగించిన శిష్యులకు దానం ఎలా చేయాలో చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వడం, ఉన్నంతలో ఇవ్వడం మనకు తెలిసినవే. ఆ వరుసలోనే సిగ్గుతో ఇవ్వాలి అన్న మాట కూడా ఉంది. పుచ్చుకునేవాడు సిగ్గుపడటం లోకంలో చూస్తాం. ఇచ్చేవాడు సిగ్గుపడాలట! ఇంత ఉండి ఇంతేనా ఇస్తున్నానని కొందరు పెద్దలు అర్థం చెబుతారు. పళ్లెం అడ్డం పెట్టుకున్న ఆ కుర్రవాణ్ని చూశాక నాకు మరో అర్థం తోచింది. వాడి లేమి పదిమందికీ తెలియడానికి నేను కారణమవుతున్నానే అన్న సిగ్గు. శాస్త్రం తెలియనివారికి చట్టం కూడా ఉంది. సంరక్షణ అవసరమైన బాలల పేరు, ఫొటో, ఊరు, బడి వంటి ఆనవాళ్లు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం నిషేధించింది. పత్రికలకు వర్తించే ఆ నియమం ఫోనులో పదిమందికి పంపే ఫొటోను కూడా విడిచిపెట్టదు. దాతలకు ఈ సంగతి చెప్పడానికి ఆశ్రమాల వారికి నోరు రాదు, విరాళం ఆగిపోతుందేమోనని.

కృపాచార్యుని జన్మకథ భారతం ఆదిపర్వంలో ఉంది. రెల్లుగడ్డిలో విడిచిపెట్టిన కవల పిల్లలు శంతను మహారాజుకు దొరికారు. రాజు వారిని ఇంటికి తెచ్చి పెంచాడు. కృపతో పెంచాడు కనుక కృపుడు, కృపి అయ్యారు. ఆ కృపుడే పెరిగి పెద్దవాడై కౌరవ పాండవులకు తొలి విలువిద్యాచార్యుడయ్యాడు. అయితే కురుసభలో పెద్దలు అతణ్ని ఆచార్యుడనే పిలిచారు. 

మళ్లీ ఆ ఆశ్రమం దగ్గరికి వస్తాను. ఇంటరు చదువుతున్న ఆ అమ్మాయి సంగతి నాకు రాత్రి నిద్రపట్టనివ్వలేదు. మా ఆవిడతో చెబితే, ‘మీ చిన్నప్పుడు మీ తాతగారింట్లో గురువారం గురువారం ఒక అబ్బాయి వచ్చి భోంచేసి వెళ్లేవాడని అత్తయ్యగారు చెప్పేవారు కదండీ’ అన్నది. ఆ మాటే దారి చూపింది. ప్రభుత్వం ఒక బిడ్డకు నెలకు 4,000 రూపాయలు చాలునని లెక్క వేసింది కదా, దాన్ని ఏడిళ్లు పంచుకుంటే ఇంటికి ఆరు వందలు కూడా కాదు. వసతి, ఫీజు కలిసి అంతకు రెట్టింపు అయినా ఇంటికి పన్నెండు వందలకు మించదు. ఒక ఆదివారం పాయసానికి అయ్యే ఖర్చు అంతకంటె ఎక్కువే.

మా వీధిలోనూ, ఉదయపు నడకలో పరిచయమైనవారిలోనూ ఏడు ఇళ్లు కుదిరాయి. ఒక్కొక్క ఇంటికి ఒక వారం పేరు పెట్టుకున్నాం, పాత ఆచారం గుర్తుగా. డబ్బు కళాశాలకే నేరుగా కడతాం, రసీదు ఆశ్రమంలో ఉంటుంది. ఆ అమ్మాయిని పరీక్షలయ్యేదాకా శుక్రవారం ఇంటావిడ తమ మేడమీది గదిలో ఉంచుకున్నారు. తరువాత మూడేళ్ల నర్సింగు డిప్లొమాలో చేరింది. ఇప్పుడు ఆఖరి సంవత్సరం. సెలవులకు శుక్రవారం ఇంటికే వస్తుంది. వచ్చినప్పుడు మా ఆవిడ రక్తపోటు చూసి, ఉప్పు తగ్గించమని నన్ను కూడా కలిపి మందలిస్తుంది. ఆమె పేరు, ఆశ్రమం పేరు ఇక్కడ రాయడం లేదు. కారణం పైన చెప్పాను.

మధ్యలో అన్నీ సాఫీగా జరిగాయని అనుకోవద్దు. మొదటి ఏడాది రెండిళ్లవారు నాలుగు నెలలకే మానుకున్నారు. ఒకరు అమ్మాయిని తమ ఇంటి వ్రతానికి పిలిచి పదిమందిలో పరిచయం చేస్తానంటే వద్దనవలసి వచ్చింది, వారికి కోపం వచ్చింది. మానుకున్న ఇళ్ల వంతు మిగిలిన ఐదిళ్లు మోశాయి. తరువాత కొత్త ఇళ్లు దొరికాయి.

పళ్లెం అడ్డం పెట్టుకున్న కుర్రవాడికి ఇప్పుడు పదహారేళ్లు. పదో తరగతి గట్టెక్కాడు. లెక్కలు చెప్పడానికి మంగళవారం ఇంటి పెద్దాయన, పదవీ విరమణ చేసిన ఇంజినీరు, రెండేళ్లపాటు సాయంత్రాలు ఆశ్రమానికి వెళ్లారు. కుర్రవాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతానంటున్నాడు. మూడేళ్ల చదువు. మధ్యలో 18 నిండుతాయి. అతని కోసం కొత్తగా వారాలు కుదురుస్తున్నాం. ఆరు ఇళ్లవారు ఒప్పుకున్నారు. గురువారం ఇంకా ఖాళీగా ఉంది.